గోదావరి గట్టుకే తిరిగి వచ్చిన పంతులుగారు

రాజమండ్రిలో కాపురం పెట్టదలచినవారు పూర్వం మొదట విచారించేది నీళ్ల సంగతి. కుళాయిలు లేని ఆ రోజుల్లో గోదావరి రేవే దిక్కు. నీళ్లు మోసే మనిషి రానంటే ఆ పూట పొయ్యి వెలగదు. 1881 సంవత్సరాంతాన కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇంటికి ఆ కష్టమే వచ్చింది. నీళ్లవాళ్లు మానుకున్నారు. వంటవాళ్లు మానుకున్నారు. పురోహితుడు ఆ గడప తొక్కనన్నాడు. అంతటి ఊళ్లో ఆ ఒక్క ఇల్లు వేరైపోయింది. అయినా కడకు బతకడానికి ఆయన ఎంచుకున్నది ఆ ఊరినే.

ఆయన పుట్టినదీ అక్కడే, 1848 ఏప్రిల్ 16న. పూర్వులు దక్షిణాన కందుకూరు నుంచి వచ్చినందున ఆ ఊరి పేరే ఇంటిపేరయింది. తండ్రి సుబ్బారాయుడుగారు పోయేనాటికి పిల్లవాడికి నాలుగేళ్లు. తల్లి పున్నమ్మగారు, పెదతండ్రి పెంచి పెద్ద చేశారు. చిన్ననాడే దగ్గు, ఆయాసం పట్టుకుని జన్మంతా వదలలేదు. తరువాత ఆయన పడిన శ్రమ అంతా ఈ జబ్బు శరీరంతోనే అన్నది మరువరాదు. 1861లో, పదమూడో ఏట వివాహమైంది. పెళ్లికూతురు రాజమండ్రి పక్కనే ఉన్న కాతేరు ఆడపడుచు బాపమ్మ. అత్తవారింట ఆమె రాజ్యలక్ష్మమ్మ అయింది.

ఉద్యోగరీత్యా పంతులుగారు మొదట వెళ్లింది కోరంగికి. నేటి కాకినాడ జిల్లాలో, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, మడ అడవుల చెంత ఉన్న ఊరు అది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 తుపాను దెబ్బకు చితికిపోయింది. అక్కడ కొంతకాలం బడిపంతులుగా పనిచేసి ధవళేశ్వరం బడికి మారారు. అప్పటికి ఆనకట్ట పూర్తయి ఇరవై ఏళ్లు దాటింది. అక్కడ ఉండగానే 1874లో వివేకవర్ధని పత్రిక ప్రారంభించారు. ఆ ఏడే ఆడపిల్లలకు బడి పెట్టించారు. నాలుగేళ్ల తరువాత వ్రాసిన రాజశేఖర చరిత్ర నవల మొదలయ్యేది ధవళేశ్వరం వర్ణనతోనే. ఆ కొండ, ఆ గుడి, ఆ నది ఆయన మనసులో ఎంతగా నిలిచాయో ఆ పుస్తకం చదివినవారికి తెలుస్తుంది.

ఆ తరువాత రాజమండ్రిలో తెలుగు పండితుడిగా పని దొరికింది. పుట్టిన ఊరు, పక్కనే నది, చేతికి జీతం. ఊరుకున్నట్లయితే సుఖంగా గడిచిపోయేది. ఆయన ఊరుకోలేదు. కోర్టులో లంచాలు తినేవారి గుట్టు పత్రికలో బయటపెట్టారు. దొంగ దస్తావేజులు పుట్టించేవారిని దుయ్యబట్టారు. దానితో ఊళ్లో పెద్దమనుషులనిపించుకున్న వారిలో కొందరు శత్రువులయ్యారు. ఆపైన వితంతు వివాహాలు. పసితనంలోనే భర్త పోయి, తల గొరిగించుకుని మూల కూర్చోవలసి వచ్చిన పిల్లలు ఆనాడు ఇంటింటా ఉండేవారు. వారికి మళ్లీ పెళ్లి చేయవచ్చునని శాస్త్రం చూపించి సభల్లో వాదించారు. వాదన విని వెళ్లినవారు ఇంటికి పోయి తలుపు వేసుకున్నారు.

1881 డిసెంబరు 11 రాత్రి ఆయన ఇంట మొదటి వితంతు వివాహం జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ అనే బాల వితంతువు. అల్లరి జరుగుతుందేమోనని పోలీసులు కాపలా నిలిచారు. పంతులుగారి వద్ద చదివే కుర్రాళ్లూ తోడు నిలబడ్డారు. నాలుగు రోజులకే రెండో పెళ్లి చేశారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు డబ్బుకు వెనుకాడకుండా ఆదుకున్నారు.

కష్టం పెళ్లినాడు కాదు, మర్నాడు మొదలయింది. పెళ్లికి సాయపడిన వారందరికీ వెలి. శుభకార్యానికి పిలుపు లేదు, చావుకు మోసేవారు లేరు. భయపడి ప్రాయశ్చిత్తం చేయించుకుని విడిపోయిన స్నేహితులూ ఉన్నారు. వారిని తప్పుపట్టడం తేలిక. ఇంట పెళ్లికెదిగిన ఆడపిల్లలున్నవాడి బాధ వేరు. కొత్త జంటలకు నీడ, తిండి చూడవలసిన భారమూ పంతులుగారి మీదనే పడింది. ఇంత మందికి వంటావార్పూ చేయాలంటే నీళ్లేవి?

రాజ్యలక్ష్మమ్మగారు బిందె పట్టుకుని గోదావరికి వెళ్లారు. నలుగురూ చూస్తుండగా రేవులో నీళ్లు ముంచుకుని తానే మోసుకు వచ్చారు. వంట తానే చేశారు. పెళ్లికూతుళ్లను కన్నకూతుళ్లలా చూశారు. ఈ దంపతులకు పిల్లలు లేరు. భర్తను విడిచి రమ్మని బంధువుల ఒత్తిడి వచ్చినా ఆమె కదలలేదు. వితంతు వివాహాలనగానే పంతులుగారి పేరే చెబుతాము గాని, ఆమె బిందె ఎత్తకపోతే ఆ ఇల్లు నెల రోజులైనా నిలిచేదా అన్నది ఆలోచించవలసిన సంగతి. ఆ ఇంటి చలవతో మొత్తం నలభై వరకు వివాహాలు జరిగాయని చెబుతారు.

1887లో రాజమండ్రిలో ప్రార్థనా మందిరం, 1890లో పురమందిరం వెలిశాయి. 1893లో ప్రభుత్వం రావు బహద్దూరు బిరుదు ఇచ్చింది. తరువాత మకాం మద్రాసుకు మారింది. అక్కడ ప్రెసిడెన్సీ కాలేజీలో 1899 నుంచి 1904 వరకు తెలుగు పండితులుగా పనిచేశారు. అక్కడా వితంతువులకు శరణాలయం నడిపారు. పట్నంలో అచ్చుకూటాలున్నాయి, చదువుకున్న స్నేహితులున్నారు, దగ్గు ముదిరితే చూసే పెద్ద డాక్టర్లున్నారు. వెలి బాధ లేదు, నీళ్ల బాధ అంతకన్నా లేదు. రిటైరయిన మనిషి అక్కడే ఉండిపోతే కాదనేవారు ఎవరు?

1905లో ఆయన రాజమండ్రికి తిరిగి వచ్చారు. వయసు యాభై ఏడు. ఈసారి చూసుకున్నది నడివీధి కాదు. ఊరి అంచున తెరపగా ఉన్న నేల. చెట్లు పెంచి దానిని తోట చేశారు. దాని పేరు ఆనంద తోట. దగ్గు మనిషికి తోట గాలి మంచిదే. కాని ఆ చోటు తనకోసమే అయితే అంత నేల అక్కరలేదు. పుట్టింటా మెట్టింటా నిలువ నీడ లేని వితంతువులకు అక్కడ ఆశ్రయం కల్పించారు. తిరిగి వచ్చిన కొన్నేళ్లకే హితకారిణీ సమాజం స్థాపించి తన ఆస్తి యావత్తూ దానికి రాసి ఇచ్చారు. భార్యాభర్తలు కూడబెట్టిన ఇల్లూ, స్థలమూ, అచ్చుయంత్రమూ పోగా, వారికంటూ మిగుల్చుకున్నది స్వల్పం. ఆ సమాజం పెట్టిన బడి పెరిగింది. తరువాతి కాలంలో పంతులుగారి పేరిట ఒకటి, రాజ్యలక్ష్మమ్మగారి పేరిట ఆడపిల్లలకు మరొకటి కళాశాలలు వచ్చాయి.

1910 ఆగస్టులో రాజ్యలక్ష్మమ్మగారు కన్నుమూశారు. ఆమె సమాధి ఆ తోటలోనే కట్టించారు. ఆ తరువాత తొమ్మిదేళ్లు పంతులుగారు ఒంటరిగా బతికారు. తన జీవిత చరిత్ర రెండు సంపుటాలు అచ్చయింది ఆ కాలంలోనే. రాత సాగుతున్నా ఆయాసం ఎక్కువవుతూ వచ్చింది.

1919లో పని మీద మద్రాసు వెళ్లి, కొమర్రాజు లక్ష్మణరావుగారి ఇంట ఉండగా మే 27న మరణించారు. పుట్టిన ఊరికి ఆనాటి రైలులో రాత్రంతా ప్రయాణం చేయవలసినంత దూరాన ప్రాణం పోయింది. ఆయన సమాధి మాత్రం మద్రాసులో లేదు. రాజమండ్రిలో, ఆనంద తోటలో, రాజ్యలక్ష్మమ్మగారి సమాధి పక్కనే ఉంది.