హత్యలకు చిక్కలేదు.. పన్ను లెక్కలకు దొరికాడు

షికాగోలో పాత వీధులు చూపించే గైడ్లకు అల్ కపోన్ పేరే పెట్టుబడి. అందులో నిజమెంత, కట్టుకథ ఎంత?

1899 జనవరి 17న బ్రూక్లిన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు ఇటలీ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు. కుర్రతనంలో ఓ గొడవలో చెంపపై కత్తిగాట్లు పడ్డాయి. ‘స్కార్‌ఫేస్’ అన్న పేరు అలా వచ్చిందే.

1920లో అమెరికా అంతటా మద్యనిషేధం అమలైంది. చట్టమైతే వచ్చింది గానీ జనం తాగుడు మానలేదు. షికాగోలో జానీ టోరియో పంచన చేరిన కపోన్‌కు అదే కలిసొచ్చింది. 1925లో టోరియో తప్పుకోగానే 26 ఏళ్లకే ముఠా పగ్గాలు పట్టాడు. దొంగచాటుగా మందు పోసే క్లబ్బుల్లోనే జాజ్ కళాకారులకూ పని దొరికింది. గ్రీన్ మిల్ క్లబ్బులో అతను కూర్చునేవాడంటూ ఓ చోటును ఇప్పటికీ చూపిస్తారు.

1929 ఫిబ్రవరి 14న క్లార్క్ వీధి గ్యారేజీలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చేశారు. కపోన్ ఆ రోజు ఫ్లోరిడాలో ఉన్నాడు. వేళ్లన్నీ అతని వైపే చూపినా, ఆ హత్యలకు ఎవరికీ శిక్ష పడలేదు. మరుసటి ఏడాది నిరుద్యోగులకు ఉచితంగా సూప్ పోయించి, పేదల దేవుడనిపించుకున్నాడు.

సినిమాల్లో అతన్ని పట్టేది ఎలియట్ నెస్. అసలు పట్టించింది పన్నుల శాఖ తిరగేసిన లెక్కల పుస్తకాలు. 1931లో 11 ఏళ్ల జైలు పడింది. అల్కట్రాజ్‌లోనూ ఉన్నాడు. సిఫిలిస్ మెదడుకెక్కింది. 1939లో విడుదలై, 1947 జనవరి 25న 48 ఏళ్లకు కన్నుమూశాడు.

1986లో అతని రహస్య ఖజానా అంటూ టీవీలో లైవ్‌గా ఓ గోడ పగలగొడితే ఖాళీ సీసాలు, మట్టి తప్ప ఏమీ లేవు. ఆ గ్యారేజీనీ 1967లోనే కూల్చేశారు. కపోన్ పేరు లోకమంతా తెలుసు. ఆ ఏడుగురి పేర్లు ఎంతమందికి తెలుసు?