ఉపాధ్యాయుడు రహీము గారు

జాతి యభ్యుదయమునకు పాఠశాల యెంత యావశ్యకమో క్రీడాస్థలమును నంతియే యావశ్యకమని పెద్దలెల్లరు నంగీకరింతురు. అంగీకరించుట సులభమే. పిల్లలకు బడి కట్టించిన గ్రామములు మనకు పెక్కులు కలవు. బడి ప్రక్క రెండెకరముల నేలను ఆటకై విడిచిన గ్రామములు కొన్నియే కలవు. ఆ నేలపై పిల్లలచే క్రమముగా ఆడింపగల ఉపాధ్యాయుని సంపాదించుకొన్న గ్రామము లెన్నియో వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ఈ మూడవ యంగము లోపించినచో తక్కిన రెండును నిరర్థకములని ఋజువు పరచిన జీవిత మొకటి మన రాష్ట్రములందే గడచినది. అది హైదరాబాదునకు చెందిన సయ్యదు అబ్దుల్ రహీము గారి జీవితము.

ఈ విషయమును గుంటూరు మండల వాసుల యెదుట నుంచుటకు ప్రత్యేక కారణము కలదు. కృష్ణ దక్షిణపు టొడ్డున అమరావతి రాజధాని కొఱకు 2015వ సంవత్సరమున రైతులు 30,000 ఎకరములకు పైబడిన భూమిని సమీకరణమున కొప్పగించిరి. ఆ నగర ప్రణాళికలో ఉద్దేశింపబడిన తొమ్మిది విభాగములలో క్రీడానగర మొకటి. అచట ఎట్టి కట్టడములు లేవవలయునను చర్చ పలుమారులు జరిగినది. ఆ కట్టడములలో ఎవరు బోధింపవలయునను చర్చ మాత్రము మాకంతగా వినరాలేదు. రహీము గారి చరిత్ర యీ రెండవ ప్రశ్నకు సమాధానము.

రహీము గారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు ఆ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాలు జట్టున ఆడిరి. పట్టము పొందిన పిదప వారు వరించినది ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ, చాదర్‌ఘాటు పాఠశాలలలోను, దారుల్ ఉలూము ఉన్నత పాఠశాలలోను వారు బోధించిరి. మధ్యలో వ్యాయామ విద్యయందు డిప్లొమా సంపాదించి, పాఠశాలలలో క్రీడల భారమును వహించిరి. తరువాతి కాలమున దేశమంతయు వారిని గొప్ప శిక్షకుడని కొనియాడినను, బడిపంతులు చూపును బడిపంతులు ఓర్పును వారిని విడువలేదు. తప్పు చేసిన కుఱ్ఱవానిని కేకలు వేయుటకన్న, ఆ తప్పు పుట్టిన చోటును వెదకి సరిదిద్దుట వారి పద్ధతి. శిష్యులు వారిని రహీం సాహెబని పిలిచెడివారు.

1940-50ల నడుమ హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు వారు కార్యదర్శిగా నుండిరి. నగర పోలీసు జట్టు శిక్షణము వారి చేతికి వచ్చినది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమయ్యెను. ఆ సంక్షోభపు గాయములు మానకమునుపే, రెండేండ్లు తిరుగుసరికి, ఆ నగరపు పోలీసు జట్టు దేశపు మేటి జట్టులతో తలపడి నిలిచినది. 1950వ సంవత్సరమున బొంబాయిలో రోవర్సు కప్పును గెలిచినది. దేశ విభజనానంతరము ఢిల్లీలో తొలిసారిగా జరిగిన డ్యూరాండు పోటీయందు కలకత్తా మోహన్ బగాను జట్టు నోడించి ఆ కప్పును సైతము కైవసము చేసికొన్నది. ఫుట్‌బాలనిన కలకత్తాయే యను కాలమది. బెంగాలు సోదరుల ఆటలో నైపుణ్యము మెండు, ఆ నగర జనుల యభిమానము మఱియు మెండు. అట్టి జట్టును దక్కనునుండి వచ్చిన పోలీసు బంట్రోతులు ఓడించిరన్న వార్త దేశమున విస్మయము కలిగించుట వింత కాదు.

ఆ గెలుపు అదృష్టవశమున వచ్చినది కాదని తరువాతి సంవత్సరములు తేటపఱచినవి. 1950 మొదలు 1954 వరకు రోవర్సు కప్పు వరుసగా ఐదేండ్లు హైదరాబాదు పోలీసులదే యయ్యెను. డ్యూరాండు కప్పును వారు 1954లోను 1957లోను మరల గెలిచిరి. ఆంధ్ర పోలీసు జట్టను పేరితో 1961లో నింకొకమారు గెలిచిరి. రాష్ట్ర జట్టుల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీ 1956లోను 1957లోను హైదరాబాదునకు దక్కెను.

ఈ విజయముల మూలమెచట నున్నదో విచారింతము. మన దేశమున నాడు బంతిని కాలి కంటించుకొని నలుగురిని తప్పించి ముందునకు పోవువాడే గొప్ప ఆటగాడని తలచుచుండిరి. ప్రేక్షకులు చప్పట్లు కొట్టుచుండిరి. బంతి మాత్రము గోలు చేరకుండెను. రహీము గారు పిల్లలకు విచిత్రమైన పోటీలు ఏర్పాటు చేసిరి. ఒకదానిలో బంతిని తనవద్ద నట్టే పెట్టుకొని త్రిప్పుట నిషిద్ధము. అందిన వెంటనే వేఱొకరికి పంపవలసినదే. పంపినవాడు నిలుచుండిపోయినచో బంతి తిరిగి తనకు రాదు గనుక, ఖాళీ చోటునకు పరుగెత్తుట అతడు తానే నేర్చుకొనును. మఱొకదానిలో చేవలేని కాలితోనే తన్నవలయును. కుడికాలి వాటముగలవాడు ఎడమకాలితో ఆడక తప్పదు. కొన్ని మాసములకు ఆ కాలికిని బలము, గురి అలవడును. మేము తెలిసికొన్నంతలో, ఇందుకు పెద్ద వ్యయము లేదు. ఒక బంతి, కొంత నేల, ప్రతిదినము సాయంకాలము తప్పక వచ్చి నిలుచు ఉపాధ్యాయుడు, ఇంతే కావలసినది.

మన రైతులకీ మర్మము బోధింప నక్కఱలేదు. మిరప తోట వేయువాడు ముందు నారుమడిని చూచుకొనును. నారు బలహీనమైన పిమ్మట పొలమున ఎంత యెరువు వేసినను కాపు రాదు. రహీము గారు నారుమడిని కాచిన మనుష్యుడు. సికింద్రాబాదు చెంత అమ్ముగూడకు చెందిన తులసీదాసు బలరాము బీదకుటుంబపు బాలుడు. అతని యాటను చూచి రహీము గారు నగరమునకు వచ్చి సాధన చేయుమనగా, అంత దూరము రాకపోకలకు అతనికి సొమ్ము లేకపోయెను. అద్దె సైకిలునకు రహీము గారే తమ జేబునుండి రూపాయి యిచ్చెడివారని బలరాము ముదిమియందును కృతజ్ఞతతో చెప్పుకొనుచుండెను. ఆ రూపాయి పెట్టుబడికి దేశమునకు ముట్టిన లాభమేమో ముందు చెప్పుదుము.

ఓటమి లేని జీవితమని మేము వ్రాయబోము. 1951 మార్చిలో ఢిల్లీయందు జరిగిన మొదటి ఏషియా క్రీడలలో భారత జట్టు రహీము గారి శిక్షణమున తుది యాటలో ఇరానును 1-0గా నోడించి స్వర్ణపతకము పొందెను. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సున అదే శిక్షకుని జట్టు యుగోస్లావియా చేతిలో 10-1గా నోడిపోయెను. మనవారిలో పెక్కుమంది బూట్లు లేక ఆడువారు. అచటి నేల చల్లన, తడి. మన దేశపు పోటీలు అంతర్జాతీయ నియమమగు 90 నిమిషములకన్న తక్కువ కాలము సాగెడివి. పది గోలుల యవమానమును మఱచిపోవుట గాని, వాతావరణము మీద నెపము మోపుట గాని సులభమార్గము. రహీము గారు ఆ దారి త్రొక్కలేదు. బూట్లతో ఆడుట నియమమయ్యెను. వారు ఐరోపా జట్టుల పద్ధతులను శ్రద్ధతో పరిశీలించిరి. 1953లో హంగేరీవారు లండనులో ఇంగ్లండును 6-3గా నోడించినప్పుడు, ముందువరుస నడిమి ఆటగాని వెనుకకు దింపి ఎదుటి కాపుదారులను కలవరపెట్టిన యుక్తి లోకమునకు వెల్లడియయ్యెను. ఆ యుక్తిని మనవారి కనుగుణముగ మలచి రహీము గారు నేర్పిరి.

దాని ఫలము మెల్‌బోర్నులో కనబడినది. 1956 నవంబరు 1వ తేదీన తెలుగువారెల్లరకు ఒక రాష్ట్రమేర్పడెను. సరిగా నెలదినములకు, డిసెంబరు 1వ తేదీన, ఆస్ట్రేలియా గడ్డపై ఆస్ట్రేలియా జట్టును భారత జట్టు 4-2గా నోడించెను. నాలుగు గోలులలో మూడు బొంబాయి క్రీడాకారుడు నెవిల్ డిసౌజా చేసినవి. ఒలింపిక్సు ఫుట్‌బాలున సెమీ ఫైనలు చేరిన మొదటి ఏషియా దేశము మనదే. ఆ జట్టులో అజీజుద్దీను, నూర్ మహమ్మదు, అహమ్మదు హుస్సేను, జుల్ఫికరుద్దీను, బలరాము మొదలైన హైదరాబాదు ప్రాంతపు బిడ్డలు పలువురు. గోలును కాచు పీటరు తంగరాజు జన్మించినదియు హైదరాబాదే. సెమీ ఫైనలులో యుగోస్లావియాపై మొదటి గోలు మనదే. కాని వారు తేరుకొని 4-1గా గెలిచిరి. మూడవ స్థానపు ఆటలో బల్గేరియా 3-0గా గెలిచెను. పతకము రాలేదు. అయినను నాలుగేండ్ల క్రిందట పది గోలులు కొట్టిన జట్టునకు ఎదురొడ్డి నిలిచి ముందుగా గోలు చేయుట సామాన్యమైన ప్రగతి కాదు.

1960లో రోము ఒలింపిక్సున హంగేరీతో 2-1గా ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సమమై, పెరూతో 3-1గా ఓడి మనవారు తిరిగివచ్చిరి. హంగేరీపై, పెరూపై చేసిన గోలులు రెండును అద్దె సైకిలు బాలుడు బలరామువే. ఆ జట్టులో రహీము గారి కుమారుడు హకీము కూడ నుండెను. అయినను ఒక్క ఆటయందైన అతడు బరిలో దిగలేదు. ఉద్యోగములందు, కమిటీలందు బంధుప్రీతిని గూర్చి నిత్యము వాపోవు మన సమాజమున ఈ చిన్న విషయము పెద్దదిగా తలపదగును.

1962 నాటికి రహీము గారి దేహమును కాన్సరు తినివేయుచుండెను. ఆ స్థితియందే వారు జట్టును జకార్తాకు తోడ్కొనిపోయిరి. మొదటి ఆటలో దక్షిణ కొరియా 2-0గా మనలను ఓడించెను. పిమ్మట మనవారు థాయిలాండును 4-1గాను, జపానును 2-0గాను, సెమీ ఫైనలులో దక్షిణ వియత్నామును 3-2గాను జయించిరి. కాపుదారుడైన జర్నైల్ సింగునకు తలకు గాయమై కుట్లు పడగా, అతనిని ఇంటికి పంపక ముందువరుసలో నడిమి ఆటగానిగా నిలిపిరి. అంతకుముందు ఇజ్రాయేలును తైవానును క్రీడలకు రానీయలేదని భారత ప్రతినిధి ఆక్షేపించుటచే జకార్తాలో మనపై ఆగ్రహము ప్రబలియుండెను. సెప్టెంబరు 4వ తేదీన తుది యాట. లక్ష జనము కూడిన ఆ మైదానమున మన జట్టును హేళన చేయు కేకలే మిన్నుముట్టెను. ఎదురుగా మొదట ఓడించిన కొరియాయే. బెనర్జీ ఒక గోలు, తలకట్టుతో ఆడిన జర్నైల్ సింగు ఒక గోలు చేసిరి. కొరియా చివరి నిమిషములలో ఒకటి మాత్రమే తీర్చుకొనగలిగెను. 2-1గా స్వర్ణపతకము భారతదేశమునకు దక్కెను. ఆ పదునొకండుగురిలో బలరామును, ఆంధ్ర పోలీసు జట్టువాడగు యూసుఫ్ ఖానును నుండిరి.

తొమ్మిది మాసములు గడచిన పిదప, 1963 జూన్ 11వ తేదీన రహీము గారు కాలధర్మము నొందిరి. అప్పటికి వారి వయస్సు ఏబదిమూడు సంవత్సరములు.

ఇక మనము సిగ్గుపడవలసిన భాగము. 1970లో బాంకాకున లభించిన కాంస్యపతకము తప్ప, 1962 తరువాత 2023 వరకు జరిగిన ఏషియా క్రీడలలో పురుషుల ఫుట్‌బాలున భారతదేశమునకు వేఱొక పతకము లేదు. హైదరాబాదు జట్టుల పేరు దేశమున క్రమముగా మాసిపోయినది. బలరాము 2023 ఫిబ్రవరిలో పరమపదించినప్పుడు ఆ జట్టు ఎట్టిదో యువకులకు వివరించి చెప్పవలసివచ్చినది. మరుసటి యేడు రహీము గారి కథను హిందీవారు చలనచిత్రముగ తీసిన పిమ్మటనే, మన యిండ్లలో పెక్కుమందికి వారి పేరు తెలిసినది. మన పెరటిలోని వృక్షమును పొరుగువారు చూపిన పిదప గుర్తించితిమి.

దీనికి కారణము తెలుగు యువకుల కాళ్లలో చేవ తగ్గుట కాదు. రహీము గారి ఇరువది యేండ్ల శ్రమను మనము ఒక వ్యక్తి మహిమగ భావించితిమే గాని, ఒక పద్ధతిగ గ్రహింపలేదు. మహిమయైనచో మనిషితోపాటు పోవును. పద్ధతియైనచో నేర్చినవాడు మఱొకనికి నేర్పగలడు. చేవలేని కాలికి బలము గూర్చు పోటీని నడుపుటకు మహాపురుషుడు కానక్కఱలేదు. శిక్షణము పొంది, జీతము సకాలమున అందుకొని, పిల్లలయందు ప్రేమగల పంతులు చాలును. అట్టివారిని తయారుచేయు కర్తవ్యమును మనము విస్మరించితిమి. కళాశాలలు సైతము పరీక్షలకు విద్యార్థులను సిద్ధపరచు శ్రద్ధలో ఆటస్థలములను కట్టడములకు బలియిచ్చినవి. ఏడాదికొకమారు విశ్వవిద్యాలయ పోటీలకు ముందు పది దినములు ఆడించి, ఓడిన పిమ్మట విధిని నిందించుట ఆచారమైనది.

అందుచే గుంటూరు, ప్రకాశము మండలముల భూస్వాములకు, పురప్రముఖులకు మా విన్నపమిది. అమరావతి క్రీడానగరమున గొప్ప మైదానములు వెలయుగాక, మాకు సంతోషమే. కాని వానికి పునాది మీ గ్రామమునందలి ఉన్నత పాఠశాలలో నున్నది. మీ బడికి ఆటస్థలమున్నదా యని విచారింపుడు. ఉన్నచో అది దున్నకములపాలు, కల్లములపాలు కాకుండ కాపాడుడు. లేనిచో ఇచ్చువారిని ప్రోత్సహింపుడు. వ్యాయామోపాధ్యాయుని పదవి ఖాళీగా నున్నచో అది నిండువరకు అధికారులను నిద్రపోనీయకుడు. దేవాలయమునకు ధ్వజస్తంభము నిలిపిన పుణ్యమెట్టిదో, నలువదిమంది పిల్లలకు ఒక మంచి పంతులును నిలిపిన పుణ్యమట్టిదే.

రహీము గారికి శిలావిగ్రహము పెట్టవలయుననువారితో మాకు వివాదము లేదు. వారు కోరదగిన స్మారకము మాత్రము వేఱు. పల్లెబడి వెనుక నేలమీద, సంజవేళ, తన ఎడమకాలితో బంతిని తన్ననేర్చుకొనుచున్న బీదబాలుడును, ప్రక్కన ఓర్పుతో నిలుచున్న ఉపాధ్యాయుడును ప్రతి గ్రామమున కనబడు దినము వచ్చుగాక!