జి. డి. నాయుడు

తమిళనాడులోని కోయంబత్తూరు నగరము నూలుమిల్లులకును, యంత్రముల కర్మాగారములకును పేరుగాంచినది. కొన్ని శతాబ్దముల క్రితము తెలుగుదేశము నుండి వలసపోయి ఆ ప్రాంతమున స్థిరపడిన కుటుంబములు పెక్కు గలవు. వారు వీధిలో తమిళము మాటలాడుదురు. ఇంటిలో తెలుగు పలుకుదురు. అట్టి యొక వ్యవసాయ కుటుంబమున, కోయంబత్తూరునకు సమీపమునగల కలంగల్ గ్రామమున, 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన గోపాలస్వామి దొరస్వామి నాయుడు జన్మించెను. జి. డి. నాయుడు అని లోకమున ప్రసిద్ధిగాంచినది ఈయనయే.

బాల్యమున దొరస్వామికి బడి యన్న గిట్టెడిది కాదు. ఒకచోట కుదురుగా కూర్చుండి పాఠములు వల్లించుట ఆతనికి చెరసాలవలె తోచెడిది. ఉపాధ్యాయుని ముఖముపై ఇసుక చల్లి పారిపోయిన కొంటెతనము కూడ ఆతని బాల్యకథలలో ఒకటి. అది మెచ్చదగిన పని కాదు. ఫలితముగా ప్రాథమిక విద్యతోనే ఆతని చదువు ముగిసెను. తండ్రి పొలమున పనిచేయుటయే ఆతనికి మిగిలెను.

ఆ దినములలో ఒకనాడు ఒక ఆంగ్లేయ రెవెన్యూ ఉద్యోగి రడ్జ్ అను మోటారు సైకిలుపై ఆ వైపునకు వచ్చెను. ఎద్దులు లేవు, గుఱ్ఱము లేదు. ఐనను బండి దుమ్ము రేపుచు పరుగెత్తుచున్నది. చూచినవారందరును ఆశ్చర్యపడి ఊరకొనిరి. దొరస్వామి మాత్రము ఊరకుండలేక పోయెను. అట్టి బండి తనకు కావలెను. ఎక్కి తిరుగుటకు మాత్రమే కాదు, దాని లోపల నేమున్నదో తెలిసికొనుటకు. చేతిలో పైకము లేదు. అందుచే ఆతడు కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సప్లయరుగా కుదిరెను. వచ్చిన జీతమునుండి కొంచెము కొంచెముగా కూడబెట్టి, కొన్ని సంవత్సరములకు ఒక మోటారు సైకిలును కొనెను. కొన్న వెంటనే దానిని భాగములు భాగములుగా ఊడదీసెను, మరల బిగించెను. చిన్ననాడు పుస్తకమునందు నిలువని మనస్సు ఇప్పుడు ఇనుప ముక్కలయందు నిలిచెను.

ఆ యంత్రమున అంతగా నేర్చుకొనదగిన దేమున్నది? పెట్రోలు ఆవిరియు, గాలియు కలిసి సిలిండరులోనికి వచ్చును. పిస్టను పైకి లేచి ఆ మిశ్రమమును అదుమును. అంతట సిలిండరు తలపై బిగించిన స్పార్కు ప్లగ్గు కొనల నడుమ ఒక విద్యుత్తు రవ్వ దుముకును. ఆ కొనల మధ్యనుండు సందు ఇంచుమించు అర మిల్లీమీటరు మాత్రమే. మిశ్రమము మండి వ్యాకోచించి పిస్టనును క్రిందికి నెట్టును. ఆ నెట్టుడే చక్రములను త్రిప్పును. ఆ కాలపు మోటారు సైకిళ్లలో రవ్వకు వలయు విద్యుత్తును మాగ్నెటో అను చిన్న పరికరము పుట్టించెడిది. జర్మనీ దేశమున రాబర్ట్ బాష్ సంస్థలోని గాట్లోబ్ హోనోల్డ్ అను ఇంజనీరు 1902లో హెచ్చు వోల్టేజి మాగ్నెటోను, స్పార్కు ప్లగ్గును జతపరచి ఈ ఏర్పాటునకు నమ్మకమైన రూపము నిచ్చెను.

రవ్వ పడుట ఎంత ముఖ్యమో, అది సరియైన వేళకు పడుటయు అంత ముఖ్యము. మెకానిక్కులు దీనిని టైమింగు అందురు. మిశ్రమము మండుటకు కొంత కాలము పట్టును. కావున పిస్టను శిఖరమును చేరుటకు కొంచెము ముందుగానే రవ్వ పడవలెను. మరీ ముందుగా పడినచో, పైకి వచ్చుచున్న పిస్టనుకు మంట ఎదురు తగులును. యంత్రము టకటక కొట్టుకొనును. ఒక్కొక్కప్పుడు భాగములు పగులును. మరీ ఆలస్యముగా పడినచో బలము వ్యర్థమై పొగగొట్టము గుండా పోవును, ఇంజను వేడెక్కును. వేగము పెరిగినకొలది రవ్వను ముందునకు జరుపవలెను. ఆ దినములలో ఈ పనికై పిడియొద్ద ఒక చిన్న మీట ఉండెడిది. దానిని ఎప్పుడు ఎంత జరుపవలెనో నడుపువాని చెవియే చెప్పవలెను. నేటి వేగపు కార్లలో కొందరు నైట్రస్ ఆక్సైడ్ అను వాయువును ఇంజనుకు అదనముగా అందింతురు. దానివలన ఆమ్లజని హెచ్చి మంట త్వరగా వ్యాపించును. అందుచే రవ్వను కొంత వెనుకకు జరిపి, వేడిని త్వరగా వదలు ప్లగ్గును బిగింతురు. బండ్లు మారినను సూత్రము మారలేదు.

ఇట్టి విషయములను దొరస్వామికి బోధించిన కళాశాల లేదు. ఊడదీయుట, బిగించుట, నడుచు యంత్రమును వినుట, ఇవియే ఆతనికి పాఠములు. కొంతకాలమునకు ఆతడు నేర్పరియైన మెకానిక్కు ఆయెను.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున నాయుడుగారు తిరుప్పూరులో ప్రత్తి వ్యాపారము చేసి ధనము గడించిరి. ఇంకను గడింపవలెనని బొంబాయి ప్రత్తి వ్యాపారమున దిగి, గడించినదంతయు పోగొట్టుకొనిరి. ఐనను వారు క్రుంగిపోలేదు. తనకు నిజముగా తెలిసిన విద్య యంత్రవిద్యయే యని గ్రహించి తిరిగి వచ్చిరి. కోయంబత్తూరున ప్రముఖ వ్యాపారియైన రాబర్ట్ స్టేన్స్ దొర సాయముతో 1920లో ఒక బస్సును కొనిరి. పొల్లాచ్చి నుండి సుప్రసిద్ధ పుణ్యక్షేత్రమైన పళని వరకు ఆ బస్సును తామే స్వయముగా నడిపిరి.

ఆనాటి రోడ్లు కంకర రోడ్లు. దారిలో బస్సు నిలిచినచో యాత్రికులు ఎండలో నిలువవలసినదే. ప్లగ్గును ఊడదీసి చూచిన దానిపైనే రోగము వ్రాసియుండును. నల్లని మసి పేరుకొన్నచో పెట్రోలు ఎక్కువగా పోవుచున్నదని అర్థము. కొన తెల్లబారి బొబ్బలెక్కినచో వేడి మితిమీరినదని అర్థము. లేత గోధుమ వన్నె ఇంజను ఆరోగ్యమునకు గుర్తు. ఇట్టి గుర్తులను చదువగల యజమానుని బస్సులకును, డ్రైవరు మాటపైననే ఆధారపడు యజమానుని బస్సులకును తేడా ఉండకపోదు. నాయుడుగారి ఒక్క బస్సు పది బస్సులై, క్రమముగా యూనివర్సల్ మోటార్ సర్వీస్ అను పెద్ద సంస్థ ఆయెను. కాలనియమమునకు ఆ సంస్థ పెట్టినది పేరు. మన హైదరాబాదులో, కాచిగూడ స్టేషను మీదుగా రైళ్లు నడపిన నిజాము రైల్వే, 27 బస్సులతో తన రోడ్డు రవాణాశాఖను ప్రారంభించినది 1932లో. దానికి పండ్రెండేండ్ల ముందే కలంగల్ రైతుబిడ్డ తన మొదటి బస్సును రోడ్డెక్కించెను.

ధనము వచ్చినను నాయుడుగారి చేతులు పనిముట్లను విడువలేదు. వారు పలుమారులు ఐరోపా యాత్ర చేసిరి. చాయాచిత్రములు తీయుటయందు వారికి మక్కువ మెండు. 1936లో లండను నగరమున జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయముగా చలనచిత్రముగా తీసిరి. బ్యాటరీలతో నడచు చిన్న మోటారుగల క్షౌరయంత్రమును కల్పించి, రసంట్ అను పేరుతో జర్మనీలో తయారు చేయించిరి. మిక్కిలి పలుచని క్షౌరపు బ్లేడులు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, మోసమునకు తావీయని ఓట్ల యంత్రము, ఇట్లు వారి కల్పనలు అనేకములు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి, పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ కర్మాగారమున విద్యుత్తు మోటారును తయారుచేసిరి. భారతదేశమున తయారైన మొదటి విద్యుత్తు మోటారుగా అది ప్రసిద్ధి కెక్కినది.

అన్ని ప్రయత్నములును ఫలింపలేదు. సామాన్యునికి కూడ కారు అందవలెనని వారి కోరిక. 1952లో రెండు వేల రూపాయలకే లభించునట్లు ఇద్దరు కూర్చుండదగిన పెట్రోలు కారును సిద్ధపరచిరి. కాని పరిశ్రమ పెట్టుటకు ప్రభుత్వపు లైసెన్సు కావలెను. అది లభింపలేదు. కారు నిర్మాణము నిలిచిపోయెను. యంత్రములోని లోపమును సవరింపగల నేర్పరికి కాగితముల చిక్కును విప్పుట సాధ్యము కాలేదు.

బడినుండి పారిపోయిన బాలుడే పెద్దవాడై బడి కట్టించుట వారి జీవితమునందలి గొప్ప విశేషము. 1944లో వారు మోటారు వ్యాపారమునుండి విరమించి, విద్యార్థులకు, పరిశోధకులకు, కార్మికులకు తోడ్పడుటకై ధనము వెచ్చించిరి. 1945లో వారి కృషివలన కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల వెలసినవి. ఆనాటి మద్రాసు గవర్నరు పేరు వానికి పెట్టబడెను. చేతితో పనిచేయుచు నేర్చుకొన్నచో ఇంజనీరింగు విద్యకు రెండు సంవత్సరములు చాలునని, నాలుగు సంవత్సరములు అనవసరమని నాయుడుగారి అభిప్రాయము. ప్రభుత్వము అంగీకరింపలేదు. వారు తమ అభిప్రాయమును వీడక, పదవిని వీడిరి. కళాశాల మాత్రము నిలిచినది. నేడు అది ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా వర్ధిల్లుచున్నది.

1974 జనవరి 4వ తేదీన, ఎనుబది యేండ్ల వయస్సున, నాయుడుగారు కన్నుమూసిరి. వారి కల్పనలను భద్రపరచిన ప్రదర్శనశాల నేటికిని కోయంబత్తూరున కలదు.

నాయుడుగారి కథ విని చదువు అక్కరలేదని తలచుట పొరపాటు. తమకు దొరకని శిక్షణను ఇతరులకు సమకూర్చుటకై వారు తమ ధనమును, కాలమును ధారపోసిరి కదా! పుస్తకమునందు చదివినదానిని చేతితో చేసి చూడవలెను. చేతితో చేసినదానిని బుద్ధితో విచారింపవలెను. హోటలులో పళ్లెములు మోసి, మోటారు సైకిలును కొని, దానిని విప్పి చూచిన ఆ యువకుడు నేర్పిన పాఠ మిదియే.