థియోడోర్ బొవేరి

ఉల్లిపొరను సూక్ష్మదర్శని క్రింద నుంచి కణములను జూచిన విద్యార్థులు మనలో ననేకులు గలరు. అయితే మేమిచ్చట దెలుపబోవు సెంట్రియోలు ఉల్లికణమున గానరాదు. దానిని జంతుకణములందు వెదకవలెను. దానికి నామకరణ మొనర్చినవాడు జర్మను పండితుడగు బొవేరి.

ఈయన 1862వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని బవేరియాలోని బాంబెర్గు పట్టణమున నొక వైద్యుని యింట జన్మించెను. మ్యూనిక్ నగరమున మొదట చరిత్రను, తత్త్వశాస్త్రమును చదువబూని, వానిని విడిచి జీవశాస్త్రమునకు మరలెను. 1893లో వూర్ట్స్‌బర్గు విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యుడై తుదివరకు నచ్చటనే యుండెను.

గుఱ్ఱముల ప్రేవులందుండు ఏలికపాముల గ్రుడ్లు ఈయనకు మిక్కిలి ప్రియమైనవి. వానియందు క్రోమోసోములు బహు స్వల్పము గావున లెక్కించుట సులభము. కణము విభజన మొందుటకు ముందు, దానిలోని యొక కేంద్రము తాను రెండై యిరుప్రక్కలకు జనుటను గమనించి, 1888లో దానికి సెంట్రోసోమని పేరిడెను. దాని నడుమ నున్న చుక్కయే సెంట్రియోలు.

ఆ కేంద్రము రెండుగాక నాలుగైనచో నేమగును? ఇటలీలోని నేపుల్సులో సముద్రపు ముండ్ల ప్రాణియగు సీ అర్చిను గ్రుడ్లలో నీ ప్రశ్నకు సమాధానము దొరకెను. ఒక గ్రుడ్డున రెండు శుక్రకణములు చొచ్చినపుడు నాలుగు కేంద్రము లేర్పడి, క్రోమోసోములు అస్తవ్యస్తముగ పంపకమై, పిండములు చాలవఱకు నశించుచుండెను. కావున సెంట్రియోలు ఒక కణచక్రమున నొక్కసారియే రెట్టింపగుట ప్రాణావసరము.

అది రెట్టింపగు విధము బొవేరికి గానరాలేదు. 1950 తరువాత ఎలక్ట్రాను సూక్ష్మదర్శని దానిని జూపెను: మూడేసి సూక్ష్మనాళికలు గల తొమ్మిది కట్టలు వలయముగ నిలిచిన చిన్న గొట్టమది. తల్లి సెంట్రియోలు ప్రక్కన లంబముగ పిల్ల మొలచును. పిమ్మట తల్లి కణపుపొరను జేరి నిలువగా, దానినుండి శైలిక పెరుగును. మన శ్వాసనాళమున కఫమును పైకి నెట్టు సన్నని వెండ్రుకలవంటివి యీ శైలికలే. అచ్చటి కణములు మాత్రము నియమము దప్పి యొకేసారి వందలకొలది సెంట్రియోళ్లను బుట్టించుకొనును!

బొవేరి దేహము దుర్బలము. బెర్లినులో నూతన పరిశోధనాలయమునకు అధిపతిగ రమ్మని పిలుపు వచ్చినను, అనారోగ్యముచే 1913లో నిరాకరించెను. క్రోమోసోముల తప్పుడు పంపకమే పుట్టకురుపు వ్యాధికి మూలము గావచ్చునని 1914లో గ్రంథము వ్రాసి, మరుసటి సంవత్సరము అక్టోబరు 15వ తేదీని మరణించెను. ఈయన భార్య మార్సెల్లా అమెరికా దేశీయురాలు, తానును జీవశాస్త్రజ్ఞురాలు. ఆ గ్రంథమునకు ఆమె చేసిన ఆంగ్లానువాదము 1929లో వెలువడెను.