పాంచాలంకురిచ్చి వీరుడు కట్టబ్రహ్మన

మన సంవత్సరాది ఉగాదియే అయినా, జనవరి తొలి దినాలలో ఈ సీమ తెలుగువారు స్మరింపదగిన తేదీ ఒకటి కలదు. 1760 జనవరి 3వ తేదీన, పాంచాలంకురిచ్చి పాలెగాడైన జగవీర కట్టబ్రహ్మనకు, ఆరుముగత్తమ్మాళ్‌కు ఒక కుమారుడు కలిగాడు. అతడే వీరపాండ్య కట్టబ్రహ్మన.

ఆ తేదీకి అమెరికా చరిత్రలోనూ ప్రసిద్ధి ఉన్నది. 1777 జనవరి 3న జార్జి వాషింగ్టన్, తనను పట్టుకోవాలని ఎదుట విడిసి ఉన్న కారన్‌వాలిస్ కన్నుగప్పి, రాత్రికి రాత్రి చుట్టుదారిన నడిచి ప్రిన్స్‌టన్ వద్ద ఇంగ్లీషు దండును ఓడించాడు. ఆనాటికి మన కట్టబ్రహ్మనకు సరిగా 17 ఏండ్లు నిండాయి. 1781లో యార్క్‌టౌన్ వద్ద ఓటమి నొప్పుకొన్న ఆ కారన్‌వాలిస్ ప్రభువే 1786లో గవర్నరు జనరలై మన దేశానికి వచ్చాడు. అతని హయాంలో, 1792లో ఆర్కాటు నవాబుతో జరిగిన ఒడంబడిక వలన పాలెగాండ్ర కప్పం వసూలు చేసే అధికారం కంపెనీకి దక్కింది. కట్టబ్రహ్మన కష్టాలకు మూలం ఆ ఒడంబడికలోనే ఉన్నది.

కట్టబ్రహ్మన పూర్వులు తెలుగు నేల నుండి దక్షిణానికి తరలివచ్చిన కంబళ నాయకులు. ఇంటి మాట తెలుగు, ఇలవేలుపు జక్కమ్మ. గెట్టిబొమ్ము అనే వారి వంశనామమే తమిళుల నోట కట్టబొమ్మన్ అయినదని చెబుతారు. తిరుచ్చెందూరు సుబ్రహ్మణ్యస్వామి యెడల అతనికి అపారమైన భక్తి. 1790లో, 30వ ఏట, పాలెము అతని చేతికి వచ్చింది.

1798 నాటికి పాంచాలంకురిచ్చి 3,310 వరహాలు కప్పం బాకీ పడినదని కంపెనీ లెక్క కట్టింది. కలెక్టరు జాక్సన్ అతనిని పిలిపించి, ఊరూరా తన వెంట త్రిప్పుకొని, చివరకు సెప్టెంబరులో రామనాథపురంలో దర్శనమిచ్చాడు. అక్కడ కూర్చోమనక గంటల తరబడి నిలువబెట్టాడు. బాకీ మాట ఎలా ఉన్నా, ఒక పాలెగాని కది భరింపరాని అవమానం. కోట వాకిట జరిగిన పెనుగులాటలో లెఫ్టినెంటు క్లార్కు మరణించాడు. కట్టబ్రహ్మన తప్పించుకున్నాడు గాని, మంత్రి సుబ్రహ్మణ్య పిళ్ళ పట్టుబడ్డాడు. మదరాసు ప్రభుత్వం విచారణ జరిపించి జాక్సన్‌ను ఆ పదవి నుండి తొలగించింది. న్యాయం జరిగినట్లే కనిపించింది.

ఆ శాంతి ఎంతో కాలం నిలువలేదు. 1799 మే నెలలో శ్రీరంగపట్టణం కూలి టిప్పు సుల్తాను మరణించగానే కంపెనీకి సైన్యం తీరుబడి అయింది. సెప్టెంబరు 5న మేజరు బానర్‌మన్ పాంచాలంకురిచ్చిని ముట్టడించాడు. మట్టికోటే అయినా అది తొలి దెబ్బకు లొంగలేదు. తరువాత కోట విడిచిన కట్టబ్రహ్మనను పుదుక్కోట తొండైమాన్ పట్టి అప్పగించాడు.

1799 అక్టోబరు 16న, మన కోవిల్‌పట్టికి దక్షిణాన ఉన్న కయత్తారులో, తక్కిన పాలెగాండ్రందరినీ రప్పించి వారి కన్నుల ఎదుట విచారణ జరిపారు. అతడు తలవంచలేదు, ప్రాణభిక్ష అడుగలేదు. తన కోటను కాపాడుతూ అక్కడే మరణించలేకపోయానన్నదే అతని విచారమని బానర్‌మనే పై అధికారులకు వ్రాసుకున్నాడు. నాడే అతనిని చింతచెట్టుకు ఉరితీశారు. వయస్సు 39 ఏండ్లు. అటు తరువాత రెండు నెలలకు, డిసెంబరు 14న, వాషింగ్టన్ తన ఇంట కన్నుమూశాడు. ఒకే ప్రభుత్వాన్ని ఎదిరించిన ఇద్దరిలో ఒకరికి విజయం దక్కింది, ఒకరికి ఉరి దక్కింది.

తమ్ముడు ఊమైదొర 1801లో పాళయంకోట చెరను ఛేదించుకొని వచ్చి కోటను మరల లేపాడు. కంపెనీ దానిని తిరిగి పడగొట్టి, ఆ ఏడు నవంబరులో అతనినీ ఉరితీసింది.

ఇక్కడ మనం ఆలోచింపవలసినది ఒకటి ఉన్నది. కంపెనీ పక్షం వహించి కట్టబ్రహ్మన భూములలో వాటా పొందిన ఎట్టయాపురం ప్రభువులు కూడ కంబళ నాయకులే. అతని వలెనే తెలుగు మాట గలవారే. అతని కొరకు ఉరికంబ మెక్కిన సుబ్రహ్మణ్య పిళ్ళ తమిళుడు. ఊమైదొరకు ఆశ్రయమిచ్చి, ఆ కారణాన ప్రాణాలే కోల్పోయిన శివగంగ మరుదు సోదరులు తమిళులు. పట్టి ఇచ్చిన తొండైమాన్ కూడ తమిళుడే. అనగా ఆ పోరాటంలో పక్షాలను విడదీసినది భాష కాదు. ఎట్టప్పన్ అనే పేరు తమిళంలో ద్రోహికి మారుపేరైనా, ఆ ఎట్టయాపురమే 1882లో స్వాతంత్ర్య గీతాలు పాడిన సుబ్రహ్మణ్య భారతిని కన్నది.

1959లో వచ్చిన శివాజీ గణేశన్ చిత్రం అతని కథను ఇంటింటికి చేర్చింది. 1974లో తమిళనాడు ప్రభుత్వం పాంచాలంకురిచ్చిలో స్మారక కోట కట్టించింది. తెలుగు ఇంట పుట్టిన వానిని తమిళ దేశం తన బిడ్డగా ఎత్తుకున్నది. తాను నిలిచిన నేల కొరకు అతడు ప్రాణమిచ్చాడు గనుకనే ఆ గౌరవం దక్కింది.

విరుదునగరం, కోవిల్‌పట్టి తెలుగు కుటుంబాలకు కయత్తారు దూరం కాదు. తిరునెల్వేలి పోయే దారిలో ఒక్క గడియ ఆగి, పిల్లలకు ఆ విగ్రహం చూపించి, ఈ కథను మన తెలుగులో చెప్పండి. ఇంటి భాషను నిలుపుకొనడానికీ, ఉన్న ఊరిని ప్రేమించడానికీ వైరం లేదని వారికి కట్టబ్రహ్మన జీవితమే బోధిస్తుంది.