ఎర్ర మాత్ర వెనక సుబ్బారావు గారు

మా రామకుప్పంలో పక్కింటి అమ్మాయికి ఇప్పుడు ఆరో నెల. మొన్న మధ్యాహ్నం వచ్చి, చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని పిక్క చూపించింది. చర్మం కింద ఎరుపూ నీలమూ కలిసిన సన్నటి నరాలు, సాలెగూడు అల్లినట్టు. వీటికేదో విటమిన్ బిళ్ల ఉందట కదా అక్కా, ఎంత ఖరీదైనా తెప్పించుకుంటాను అంది. ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇచ్చిన ఎర్ర మాత్రలు మాత్రం విప్పకుండా అలమరలో పడున్నాయట. వేసుకుంటే వికారమట!

నాకు వెంటనే యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చారు. ఆ పిల్లకు చెప్పిన కథే మీకూ చెబుతాను.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువంటే గిట్టక, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోతే, పట్టుకొచ్చారు. తండ్రి పోయాక తల్లి వెంకమ్మ గారు నగలమ్మి చదివించారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగినందుకు తెల్లదొర ప్రొఫెసరుకు కోపమొచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది.

అన్న పురుషోత్తం స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గి, మనిషి కృశించిపోయే జబ్బది. అదే సుబ్బారావు గారికీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఆ జబ్బు అంతు చూడాలన్న పట్టుదల అప్పుడే పడి ఉంటుందని నాకనిపిస్తుంది.

1919లో శేషగిరి గారితో పెళ్లయింది. 1922లో ఆమెను పుట్టింట ఉంచి బోస్టన్ వెళ్లారు. పొట్టకోసం ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి, రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు (1925). కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని వెలికితీశారు (1929). 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు.

అంతకుముందే, 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్ అనే ఆంగ్ల డాక్టరమ్మ, గర్భిణులను పట్టి పీడించే ఒకరకం రక్తహీనత ఈస్టు సారంతో తగ్గడం గమనించారు. అందులో ఏముందో తెలీదు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి ఆ పదార్థాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చేలా ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి 1945లో లోకానికి చూపింది సుబ్బారావు గారి బృందం. అన్నను మింగిన స్ప్రూకీ అది మందయింది!

కాళ్లకు కూడా ఆయన మేలు చేశారు, అయితే విటమిన్‌తో కాదు. బోదకాలుకి ఇచ్చే హెట్రజాన్ మందు 1947లో ఆయన బృందం నుంచే వచ్చింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశారు. వెళ్లిన మనిషి తిరిగి రానేలేదు. పుట్టిన కొడుకు తండ్రిని చూడకుండానే పసితనంలో పోయాడు. మనకు విటమిన్ వచ్చింది, శేషగిరి గారికి భర్త రాలేదు. ఆయన శతజయంతికి 1995లో తపాలా బిళ్ల వేశారు. ఆవిడ ఎదురుచూపుకు ఏ బిళ్ల వేస్తాం చెప్పండి?

ఇంతకీ పిక్కల నరాల సంగతి. రక్తనాళాల గోడలు గట్టిగా ఉండటానికి సి విటమిన్ కావాలి, నిజమే. దానికి ఉసిరికాయ, జామకాయ, నిమ్మకాయ చాలు. కానీ అంతకుమించి ఏ బిళ్ల మింగినా ఈ నరాలు రాకుండా ఆగుతాయని రుజువు లేదు. వంశం, కడుపుతో ఉండటం, గంటల తరబడి నిలబడటం, ఇవీ కారణాలు. కాసేపు కూర్చోవడం, పడుకున్నప్పుడు కాళ్లు ఎత్తులో పెట్టుకోవడం మంచిది. కాన్పయ్యాక చాలావరకు తగ్గిపోతాయి. ఒక కాలే వాచి నొప్పి పుడితే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

ఎర్ర మాత్ర అలా కాదు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు వేసుకోవాలి. గర్భం రాకముందు నుంచీ, తొలి మూడు నెలలూ ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే బిడ్డకు వెన్నుపాము లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో తేలింది. వికారమైతే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవచ్చు. కాఫీ, టీలతో మాత్రం వద్దు. విరేచనం నల్లగా అయినా భయపడనక్కర్లేదు.

అంతా విని ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. వెళుతూ గుమ్మంలో ఆగి, ఇంట్లో నిమ్మకాయ ఉందా అక్కా అని అడిగింది. రెండు ఇచ్చి పంపాను.