యల్లాప్రగడ సుబ్బారావు గారు

విద్యార్థులారా! దోమకాటు వలన కలుగు బోదకాలును మీలో కొందరు చూచియుందురు, కొందరు వినియుందురు. ఆ వ్యాధికి మందు కనుగొనుటకు నాయకత్వము వహించినవారు మన భాషవారే. పరీక్షలో రెండుమారులు తప్పినవారే. వారి చరిత్రమును ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మదరాసు హిందూ హైస్కూలులో చేరి మూడవమారు కృతార్థులైరి. ఇంట తెలుగు, వీధిలో తమిళము వినుచు బర్గూరున చదువుకొను మనకు అట్టి జీవితము క్రొత్తది కాదు.

పిమ్మట వారు మదరాసు వైద్యకళాశాలలో చదివిరి. ఆ దినములలో వారి సోదరులు స్ప్రూ అను జీర్ణవ్యాధిచే మరణించిరి. ఖద్దరు ధరించినందున శస్త్రవైద్య ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి. అయినను క్రుంగలేదు. 1923లో అమెరికాకు వెళ్లి హార్వర్డున చేరిరి. రాత్రులు ఆసుపత్రిలో చిన్న పనులు చేసి జీవనము గడపిరి. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారిరి. స్ప్రూ వ్యాధికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లమును 1945లో వారి బృందమే తయారుచేసెను.

బోదకాలు పురుగులు మన దేహమున లింఫు నాళములలో కాపురముండును. వాని పిల్లలు రాత్రివేళ నెత్తుటిలో సంచరించును. ఆ పిల్లలను దోమలు పీల్చి ఇతరులకు చేర్చును. ఇట్టి పురుగులు సహజముగా సోకిన పత్తిచేని ఎలుకలకును, కుక్కలకును క్రొత్త మందునిచ్చి పరీక్షించి, సుబ్బారావు గారి బృందము 1947లో హెట్రజాన్‌ను లోకమునకు అందించెను. దాని శాస్త్రనామము డైఇథైల్ కార్బమజైన్.

ఇందొక విశేషము గలదు. పరీక్షనాళికలో ఈ మందు ఒంటరిగా ఆ పురుగుపిల్లలను చంపజాలదు. దేహమున మాత్రము వానిని మన రక్షణకణములకు చిక్కునట్లు చేయును. కణములే వానిని నశింపజేయును. బయటి మందునకు లోపలి బలము తోడు కావలెను. బోదకాలుకు నేటికిని టీకా లేదు. మన దేశమున ఆ వ్యాధిని నిర్మూలించుటకు ప్రజలకు నేడును ఈ మందునే పంచుచున్నారు.

1948 ఆగస్టున, 53 ఏండ్ల వయసున, సుబ్బారావు గారు న్యూయార్కులో మరణించిరి.

తల్లిదండ్రులారా! పరీక్ష తప్పిన బిడ్డను చదువు మాన్పింపదలచినపుడు, మూడవమారు పరీక్షకు కూర్చున్న ఆ భీమవరపు బాలుని ఒక్కసారి స్మరింపుడని మా మనవి.